రెండు రాజ్యముల నడుమ ఒక సీమ: ష్లెస్విగ్ చరిత్ర మనకు చెప్పే మాట

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రసంగించమని కమిటీవారు కోరినప్పుడు మన మిషను చరిత్ర చెప్పమంటారని అనుకొన్నాను. అది చెప్పడానికి నాకంటె అర్హులు ఈ వేదిక మీదనే ఉన్నారు. అందుచేత మరొక సంగతి ఎంచుకొన్నాను. నేను సాలూరు ప్రాంతములో పుట్టి పెరిగినవాడను. మా తాతగారు ఉపదేశి. మా ఇంట్లో పండుగ పూట తప్పక వినబడే మాట ఒకటి ఉండేది, “బ్రెక్లుం దొరలు” అని. చిన్నతనములో బ్రెక్లుం అంటే ఒక మనిషి పేరనుకొన్నాను. కొంచెము పెద్దయ్యాక జర్మనీలో ఏదో మహానగరమనుకొన్నాను. తీరా చదివి తెలుసుకొంటే అది ఒక చిన్న పల్లెటూరు. ఆ పల్లె ఉన్న సీమ పేరు ష్లెస్విగ్. ఆ సీమ చరిత్ర చదివిన తరువాత నా మనస్సులో ఒక ముల్లు గుచ్చుకొన్నది. ఆ ముల్లు సంగతి చివరలో చెబుతాను. ముందు ఆ సీమను మీకు చూపించాలి.

ఐరోపా పటము తీసి చూడండి. జర్మనీ నెత్తి మీద ఉత్తరముగా ఒక ద్వీపకల్పము నిలబడి ఉంటుంది. దాని పై భాగము డెన్మార్కు, అడుగు భాగము జర్మనీ. ఈ రెంటికీ నడుమనున్న నేలయే ష్లెస్విగ్. డేనులు స్లెస్విగ్ అంటారు. పడమట ఉత్తర సముద్రము, తూర్పున బాల్టిక్ సముద్రము. పడమటి ఒడ్డున బురద నేలలు, పచ్చిక బయళ్ళు. నడుమ ఇసుక నేల. తూర్పున చిన్న చిన్న గుట్టలు, వాటి సందులలోనికి చొచ్చుకు వచ్చిన సముద్రపు పాయలు. దక్షిణాన ఐడర్ అనే నది. 811వ సంవత్సరములో డేనుల రాజుకూ షార్లమేన్ చక్రవర్తికీ సంధి జరిగినప్పుడు ఈ ఐడర్ నదియే పొలిమేర అయింది. అంటే ఆ నేల సరిహద్దుగా బ్రతకడము మొదలుపెట్టి పన్నెండు వందల ఏండ్లు దాటింది.

అప్పటికే అక్కడ డేనులు కట్టిన పొడవైన మట్టి కోటగోడ ఉండేది. దాని పేరు డానెవిర్కె. దాని ప్రక్కనే హేడెబీ అనే వర్తక పట్టణము. పడమటి సముద్రపు సరుకు, తూర్పు సముద్రపు సరుకు అక్కడ చేతులు మారేవి. సరిహద్దు అంటే మనకు కత్తులే గుర్తుకు వస్తాయి గాని, సరిహద్దులోనే సంత కూడా జరుగుతుంది. సాలూరు సంతకు కొండమీదివారు, మైదానమువారు దిగివచ్చినట్లే అనుకోండి. ఉత్తర దేశపు అపొస్తలుడని పేరొందిన అన్స్గార్ తొమ్మిదవ శతాబ్దములో ఆ హేడెబీలోనే దేవాలయము కట్టించారు. ఆ గోడనూ ఆ పట్టణపు శిథిలాలనూ కలిపి 2018లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించారు.

పడమటి ఒడ్డున ఉండేవారు ఫ్రీసియనులు. వీరిది వేరే భాష. వీరికి రాజులకంటె పెద్ద శత్రువు సముద్రము. 1362 జనవరిలో వచ్చిన ఉప్పెనలో రుంగ్‌హోల్ట్ అనే రేవు పూర్తిగా మునిగిపోయింది. 1634 అక్టోబరులో ఒక్క రాత్రి వచ్చిన ఉప్పెనకు స్ట్రాండ్ అనే పెద్ద ద్వీపము ముక్కలైపోయింది, ఆ ఒక్క ద్వీపములోనే 6,000 మందికి పైగా మరణించారు. దివిసీమ ఉప్పెనను, 1977 నవంబరును ఎరిగిన మనకు ఆ రాత్రి ఎటువంటిదో చెప్పనక్కరలేదు. వారు మళ్ళీ మట్టి కట్టలు వేసుకొన్నారు. కట్ట పనికి తన వంతు రానివాడు తన భూమిని వదలుకోవలసిందే అనేది అక్కడి కట్టుబాటు. కట్టలో ఎవరి భాగము గండిపడినా నీరు అందరి పొలములోనికీ వస్తుంది గదా. ఈ సంగతి మనస్సులో ఉంచుకోండి.

ఇక రాజుల కథ. ష్లెస్విగ్‌కు దక్షిణముగా హోల్‌స్టైన్ అనే మరొక సీమ ఉంది. అది జర్మను సామ్రాజ్యములోనిది. ష్లెస్విగ్ డేనిష్ రాజ్యపు సామంత సీమ. 1460లో రీబె పట్టణములో డేనిష్ రాజు అక్కడి ప్రభువులకు ఒక మాట ఇచ్చాడు, ఈ రెండు సీమలనూ ఎన్నటికీ విడదీయనని. రాజు ఒక్కడే, ష్లెస్విగ్‌లో ఒక హోదా, హోల్‌స్టైన్‌లో మరొక హోదా. నాలుగు వందల ఏండ్ల తరువాత ఆ ఒక్క మాటను పట్టుకొనే రెండు జాతులు యుద్ధము చేశాయి.

మతసంస్కరణ ఆ సీమకు త్వరగా వచ్చింది. 1528లోనే హాదర్స్లేవ్ పట్టణములో లూథరు బోధ ననుసరించిన క్రమము ఏర్పడింది. 1542లో సంఘ క్రమమును అచ్చువేసినప్పుడు అది సామాన్యులు ఇండ్లలో మాట్లాడే లో జర్మను భాషలో వచ్చింది. జనము మాట్లాడే భాషలోనే దేవుని వాక్యము అందవలెనన్నది సంస్కరణ ప్రాణము. కాని కాలక్రమాన బోధపీఠము మీదికి పండితుల హై జర్మను వచ్చి కూర్చున్నది. ఉత్తర గ్రామాలలో డేనిష్ మాట్లాడేవారు, పట్టణాలలో జర్మను, పడమట ఫ్రీసియను. ఒకే ఇంటిలో తల్లితో ఒక భాష, యజమానితో ఒక భాష, గురువుగారితో ఒక భాష మాట్లాడేవారు కోకొల్లలు. భాష వేరైనంత మాత్రాన అప్పట్లో ఎవరూ శత్రువులు కాలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. టోనర్ అనే పట్టణములో 1729 నుండి హాన్స్ అడోల్ఫ్ బ్రోర్సన్ అనే గురువు డేనిష్ బోధకుడుగా ఉండేవారు. ఆయన ప్రసంగము డేనిష్‌లో. కాని ఆరాధనలో పాటలు మాత్రము జర్మనులోనే పాడాలి. వాక్యము ఒక భాషలో విని, స్తుతి మరొక భాషలో చేయవలసి వచ్చిన సంఘమును చూచి, ఆయన డేనిష్‌లో పాటలు వ్రాయడము మొదలుపెట్టారు. 1732లో ఆయన క్రిస్మస్ పాటల చిన్న పుస్తకము టోనర్‌లోనే అచ్చయింది. తరువాత ఆయన రీబె బిషప్పు అయ్యారు. నేటికీ డెన్మార్కులో క్రిస్మస్ నాడు ఆయన పాటలు పాడతారు. ఒక సంఘపు నోటికి తన మాట తిరిగి దొరికితే ఎంత ఫలము వస్తుందో చూడండి.

పందొమ్మిదవ శతాబ్దములో గాలి మారింది. ఒక జాతి, ఒక భాష, ఒక దేశము అనే తలంపు ఐరోపా అంతటా వ్యాపించింది. నడుమ సీమవారిని చూచి, “నీవు ఎవరివాడవు? డేనువా, జర్మనువా? తేల్చుకో” అని అడిగారు. 1848లో యుద్ధము మొదలైంది. 1850 జూలై 25న ఈస్టెడ్ వద్ద జరిగిన పెద్ద పోరులో డేనులు గెలిచారు. గెలిచినవారు ఏమి చేశారు? 1851లో మధ్య ష్లెస్విగ్ గ్రామాలలో బడులలో డేనిష్ భాషనే బోధించాలని, దేవాలయములో ఒకసారి డేనిష్, ఒకసారి జర్మను ఆరాధన జరపాలని శాసించారు. ఆ నిర్బంధము చూచి, అంతవరకు డెన్మార్కు పట్ల ప్రేమ ఉన్నవారు కూడా మనస్సు విరుచుకొన్నారు. ఫ్లెన్స్‌బర్గ్ పట్టణపు పాత సమాధుల తోటలో, 1862 జూలై 25న, ఈస్టెడ్ విజయానికి గుర్తుగా డేనులు ఒక పెద్ద కంచు సింహమును నిలిపారు. బిస్సెన్ అనే శిల్పి చేసినది. ఓడినవారు ప్రతి దినము ఆ సింహమును చూస్తూ తమ వారి సమాధులకు పోవలసి వచ్చింది.

రెండేండ్లు గడవక ముందే చక్రము తిరిగింది. 1864లో ప్రష్యా, ఆస్ట్రియా కలిసి డెన్మార్కు మీదికి వచ్చాయి. ఏప్రిల్ 18న డ్యుబ్బల్ కోట కూలింది. ఆ అక్టోబరు సంధిలో ష్లెస్విగ్, హోల్‌స్టైన్ సీమలను డెన్మార్కు వదలుకొన్నది. 1867లో అవి ప్రష్యాలో కలిసిపోయాయి. ఆ ఏడే సింహమును బెర్లిను తీసికొనిపోయారు. ఉత్తరాది ప్రజలు ఓటువేసి తమ దేశమును ఎంచుకోవచ్చునని 1866 సంధిలో ఒక మాట ఉన్నది. తరువాత ప్రష్యా, ఆస్ట్రియా కలిసి ఆ మాటను రద్దు చేసుకొన్నాయి.

ఈ సీమలోనే, ఈ కాలములోనే, మన ప్రాంతముతో సంబంధము మొదలవుతుంది. క్రిస్టియన్ యెన్సెన్ అనే గురువు 1839లో ఫ్రీసియను తీరపు ఫారెటాఫ్ట్ గ్రామములో పుట్టారు. 1873లో బ్రెక్లుం సంఘానికి గురువుగా వచ్చారు. 1876లో అక్కడ మిషను సొసైటీ స్థాపించారు. పల్లెటూరి రైతుల కానుకలతో సెమినరీ తెరిచారు. 1882లో ఆ సొసైటీ పంపిన మిషనెరీలు మన దేశానికి వచ్చి, జయపురము రాజుగారి ఏలుబడిలోని కొండ ప్రాంతములో పని మొదలుపెట్టారు. కోరాపుట్టు, సాలూరు, పార్వతీపురము, జయపురము ఈ విధముగా వారి పని విస్తరించింది. చలి దేశమువారు మన్యపు జ్వరాలకు తట్టుకోలేక కొందరు ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. తెలుగు నేర్చారు, ఒడియా నేర్చారు. ఆ విత్తనమునుండి వచ్చినదే నేటి జయపురము ఎవాంజెలికల్ లూథరన్ సంఘము.

దీనికంటె పాత బంధము కూడా ఒకటి ఉన్నది. 1706లో తరంగంబాడికి మొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలను పంపిన డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్, ష్లెస్విగ్ సీమకు కూడా ప్రభువే. ఆ మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలును తెనిగించారు. ఆయన తెలుగు పుస్తకములు 1746, 47 సంవత్సరాలలో జర్మనీలోని హాలె నగరములో అచ్చయ్యాయి.

ఇప్పుడు రెండు చిత్రాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. ఇక్కడ బ్రెక్లుం మిషనెరీలు మన భాషలు నేర్చుకొని వాటిలో సువార్త చెబుతున్నారు. అదే కాలములో, 1888లో, వారి స్వదేశపు ఉత్తర భాగములో ప్రభుత్వము బడులలో జర్మను తప్ప మరొక భాష ఉండరాదని ఆజ్ఞ ఇచ్చింది. మతబోధ గంటలు కొన్ని మాత్రమే మినహాయింపు. ముందు డేనులు చేసిన తప్పునే ఇప్పుడు జర్మనులు చేశారు. ఎవరి చేతిలో అధికారము ఉంటే వారు తమ భాషను కర్రగా వాడుకొన్నారు.

1914లో మహాయుద్ధము వచ్చింది. డేనిష్ మాట్లాడే ఉత్తర ష్లెస్విగ్ యువకులు జర్మను సైన్యములో చేరక తప్పలేదు. సుమారు 30,000 మంది వెళ్ళారు, 5,000 మందికి పైగా తిరిగి రాలేదు. తమది కాని దేశము కొరకు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు వారు. ఇక్కడ మన కొండలలో బ్రిటిష్ ప్రభుత్వము జర్మను మిషనెరీలను శత్రు దేశీయులని పని ఆపించి పంపివేసింది. మా తాతగారి తరమువారు కాపరి లేని మందలైపోయారు. అక్కడ పోట్లాట, ఇక్కడ అనాథలు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఒక మంచి పని జరిగింది. 1920లో ఆ సీమ ప్రజలనే అడిగారు. ఇరవై ఏండ్లు నిండిన పురుషులు, స్త్రీలు అందరూ ఓటువేశారు. ఫిబ్రవరి 10న ఉత్తర భాగములో నూటికి 75 మంది డెన్మార్కు కోరారు. మార్చి 14న దక్షిణ భాగములో నూటికి 80 మంది జర్మనీ కోరారు. అట్లు గీసిన గీతయే నేటి సరిహద్దు. హిట్లరు కాలములో, 1940 నుండి అయిదేండ్లు జర్మను సైన్యము డెన్మార్కును ఆక్రమించుకొని ఉన్న రోజులలో సైతము, ఆ గీత మారలేదు.

కాని సహోదరులారా, ఏ గీత గీసినా కొందరు అవతల మిగిలిపోతారు. ఉత్తరాన జర్మను మనస్సుగలవారు మిగిలారు, దక్షిణాన డేనిష్ మనస్సుగలవారు మిగిలారు. టోనర్ పట్టణములో ఎక్కువ మంది జర్మనీకే ఓటువేశారు. అయినా అది డెన్మార్కుకే పోయింది. వీరిని ఏమి చేయాలి? 1945 తరువాత రెండు దేశాలవారికీ అలసట వచ్చింది, జ్ఞానము వచ్చింది. 1955 మార్చి 29న బాన్, కోపెన్‌హాగన్ ప్రకటనలు వెలువడ్డాయి. వాటి సారాంశము ఇది: ఒక మనిషి తాను డేనునని, లేక జర్మనునని చెప్పుకొంటే ఆ మాట చాలు. ఏ అధికారీ రుజువు అడగకూడదు, పరీక్ష పెట్టకూడదు. పేరు చూచి, ఇంటి భాష చూచి నీవు ఫలానావాడవని ఎవరూ నిర్ణయించకూడదు.

ఆనాటినుండి మెల్లగా గాయము మానింది. జర్మనీ వైపు సుమారు 50,000 మంది డేనిష్ మైనారిటీవారికి నలభైకి పైగా స్వంత బడులు, స్వంత డేనిష్ దేవాలయములు ఉన్నాయి. డెన్మార్కు వైపు సుమారు 15,000 మంది జర్మను మైనారిటీవారికి వారి బడులు, వారి సంఘములు ఉన్నాయి. డేనిష్, ఫ్రీసియను ప్రజల పార్టీకి ఎన్నికలలో అయిదు శాతము ఓట్ల నిబంధన వర్తించదు. 2021లో ఆ పార్టీకి జర్మను పార్లమెంటులో ఒక సీటు వచ్చింది. అంతా సాఫీగా ఉన్నదని కాదు. 2016 నుండి డెన్మార్కు ఆ సరిహద్దులో మళ్ళీ తనిఖీలు పెట్టింది. ఫ్రీసియను మాట్లాడేవారు కొద్ది వేలమందికి తగ్గిపోయారు. అయినా కత్తి మాత్రము మళ్ళీ ఒరనుండి బయటకు రాలేదు.

ఇంతకూ ఆ సింహము ఏమైంది? బెర్లినులో ఒక సైనిక విద్యాలయములో దశాబ్దాలు ఉన్నది. 1945లో అమెరికా సైన్యము సహాయముతో కోపెన్‌హాగన్ చేరింది. తరువాత ఫ్లెన్స్‌బర్గ్ నగరమువారే, ఏ సింహమును చూచి వారి ముత్తాతలు కన్నెర్ర చేశారో ఆ సింహమునే, మాకు తిరిగి ఇవ్వండని డెన్మార్కును అడిగారు. 2011 సెప్టెంబరులో అది ఆ సమాధుల తోటకే తిరిగి వచ్చింది. ఈసారి విజయ స్తంభముగా కాదు, డేనులకూ జర్మనులకూ నడుమ స్నేహానికీ నమ్మకానికీ గుర్తుగా. కంచు మారలేదు, దాన్ని చూచే కండ్లు మారాయి.

ఇక నా ముల్లు సంగతి. మన ప్రాంతము కూడా సరిహద్దు ప్రాంతమే. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు జయపురము, కోరాపుట్టు అటు పోయాయి; సాలూరు, పార్వతీపురము ఇటు ఉండిపోయాయి. ఒకే మిషను సంఘములు రెండు రాష్ట్రాలలో పడ్డాయి. సాలూరు పైన కొటియా గ్రామాల వివాదము 1968 నుండి కోర్టు మెట్లెక్కి నేటికీ తెగలేదు. ఆ న్యాయము ఎటున్నదో తేల్చడము నా పని కాదు. నా పని నా సంఘములో నేనేమి చేశానో చెప్పడము.

ఇరవై ఏండ్ల క్రిందట నేను మా సంఘ కమిటీ కార్యదర్శిని. కొండమీదనుండి దిగి మా ఊరిలో స్థిరపడిన ఒక కుటుంబము ఉండేది. వారి ఇంటి భాష కువి. ఆ ఇంటి పెద్దామె ఒకనాడు నా దగ్గరకు వచ్చి, నెలకొక ఆదివారమైనా ప్రభువు ప్రార్థన మా మాటలో చెప్పుకోనిస్తారా బాబూ అని అడిగింది. “అందరికీ తెలుగు వచ్చును గదమ్మా, ఒక్క ఇంటి కోసము ఆరాధన క్రమము మారుస్తామా?” అన్నాను. ఆమె వాదించలేదు. “సరే బాబూ” అని వెళ్ళిపోయింది. ఆరాధనకు రావడము మానలేదు. వెనుక చాప మీద, స్తంభము ప్రక్కన కూర్చొనేది.

కొన్నేండ్లకు ఆమె ప్రభువు సన్నిధికి వెళ్ళింది. భూస్థాపన నాడు, గురువుగారు క్రమము ముగించిన తరువాత, ఆమె మనుమడు సమాధి అంచున నిలబడి కువి భాషలో ప్రార్థించాడు. చాలాసేపు ప్రార్థించాడు. చుట్టూ ఉన్న అందరమూ తలలు వంచుకొన్నాము గాని నాకు ఒక్క మాట అర్థము కాలేదు. అప్పుడు తెలిసింది, ఆ తల్లి ఇన్ని ఆదివారములు మా మధ్య ఎట్లు కూర్చున్నదో. అధికారము నా చేతిలో ఉన్నది గనుక నా భాషే అందరి భాష అనుకొన్నాను. 1851 నాటి డేనిష్ అధికారికీ, 1888 నాటి జర్మను అధికారికీ, నాకూ తేడా ఏమున్నది? వారి చేతిలో ప్రభుత్వము ఉన్నది, నా చేతిలో కమిటీ పుస్తకము ఉన్నది, అంతే.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన మధ్యగోడ సంగతి మనకందరికీ కంఠస్థము. ఆ గోడను ప్రభువు పడగొట్టారు. మనమే ఆదివారము ఆదివారము ఒక్కొక్క ఇటుక పెట్టి తిరిగి కడుతున్నాము. సముద్రపు కట్టలో ఒకరి భాగము గండిపడితే అందరి పొలము మునుగుతుందని ఇందాక చెప్పాను. సంఘము కూడా అటువంటి కట్టయే. వెనుక చాపమీద కూర్చున్నవారి నోరు మూతపడితే, ముందు కుర్చీలలో ఉన్నవారి స్తుతి కూడా వెలితియే.

కాబట్టి ఈ శతవార్షికోత్సవ సందర్భములో నా విన్నపము ఒక్కటే. స్తంభములు, శిలాఫలకములు నిలుపుతున్నారు, సంతోషము. వాటితోపాటు ప్రతి సంఘములోను పెద్దలు ఇంటింటికీ వెళ్ళి, మీ ఇంట్లో ఏ భాషలో ప్రార్థన చేసుకొంటారమ్మా అని అడగండి. వారేమి చెబితే అదే వ్రాసుకోండి, రుజువు అడగకండి. నెలకు ఒక్క ఆదివారము ప్రభువు ప్రార్థన గాని, ఒక పాట గాని ఆ భాషలో ఉండనివ్వండి. మా సంఘములో గత ఏడాదినుండి ఇది జరుగుతోంది. ఆ మనుమడే ముందుకు వచ్చి నడిపిస్తున్నాడు. నేను వెనుక చాప మీద, ఆ స్తంభము ప్రక్కన కూర్చొని వింటున్నాను. నాకు ఇప్పటికి అయిదారు మాటలు వచ్చాయి.

 ప్రభువు మన డయాసిస్‌ను రెండవ నూరేండ్లలోనికి క్షేమముగా నడిపించును గాక. ఆమేన్.